రోలు ఆపకుండా రాసిన పరీక్ష

అమ్మానాయన పోయినాక నన్నూ చెల్లెల్నీ పూతలపట్టులో మేనమామ సాకినాడు. ఊరికే సాకలేదు. మూడో తరగతిలోనే నన్ను బడి మాన్పించి రోలు కాడ నిలబెట్టినాడు. పంతులమ్మ పట్టుబట్టింది కాబట్టి చెల్లెల్ని వదిలిపెట్టినాడు. అది ఎనిమిదో తరగతి గట్టెక్కి, చిత్తూరులో టీచరు ట్రైనింగు సీటుకు పరీక్ష రాస్తానంటే ఒకటే మాట అన్నాడు.

"సీటొస్తే చిత్తూరు. రాకుంటే రోకలి. ఈ ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడదానికి కూడు లేదు."

మామ కూతురు కూడా అదే పరీక్షకు పోతా ఉండాది. టైము చూసుకునేదానికి దానికి మామ జేబు గడియారం ఇస్తా ఉండాడు. చెల్లెలు టైము చూసుకుని లెక్కలు చేసేదానికి ఒక్క పూట ఇమ్మని నేను అడిగితే మామ నా మీద లేచినాడు.

"ఒసే, గడియారం మాట ఇంకోసారి నీ నోట్లో రాకూడదు!"

కూతురు పకపకా నవ్వింది. "రోలుండాది కదొదినా, దాన్ని చూసుకోమను."

అట్లే చూసుకున్నాం. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకదు. పగటిపూట నేను వడ్లు దంపుతా ఉంటే అది పక్కన పలక పట్టుకునేది. నేనొక దంపుడు పాట ముగించేలోపల అదొక లెక్క తేల్చాల. తేలకుంటే వదిలేసి ముందుకు పోవాల.

"పొట్టు వదలని మెరిక కనిపించిందని రోలు ఆపుతామా? కడాన చాటలో ఏరుకుంటాం. లెక్కయినా అంతే," అని చెప్పినాను.

మామ రోజూ పూజ అయినాకనే గడియారానికి కీ ఇచ్చేవాడు. కన్నకూతుర్నైనా ఆ కీ తాకనిచ్చేవాడు కాదు. పరీక్ష పొద్దు తొలి బస్సు తప్పుతాదని పూజే మానుకున్నాడు. కీ ఇయ్యలేదని నాకు తెలుసు. బస్సు కాడ మామ కూతురు గడియారం మూత తీసి నా ముఖం ముందర ఆడించింది. నేను నోరు తెరవలేదు. ఆ మాట ఎత్తొద్దని పెద్దాయన చెప్పినాడు కదా.

హాల్లో గోడ గడియారం లేదంట. చెల్లెలు మనసులో పాట పాడుకుంటా, రాని లెక్కలు వదిలేసి, కడాన మెరికలు ఏరుకుందంట. మామ కూతురేమో మొదటి లెక్కనే పట్టుకుని, గడియారం చూసి, ఇంకా శానా పొద్దుందిలే అనుకునిందంట. గంట కొట్టినాక తెలిసింది, అది ఎప్పుడో ఆగిపోయిందని.

సీటు చెల్లెలికే వచ్చింది. మామ ఉరిమినాడు. "కీ ఇయ్యలేదని నీకు తెలీదా? ఒక్క మాట చెప్పగూడదా?"

"చెప్పొద్దనింది నువ్వే గదా మామా."

ఇప్పుడు తలుచుకున్నా నా కడుపు చల్లగుంటాది.

చెల్లెల్ని చిత్తూరు బస్సు ఎక్కించి వచ్చి, గోడకానించిన రెండో రోకలి తీసి మామ కూతురి ముందర పెట్టినాను. మామ పెట్టిన చట్టమే కదా, సీటు రాకుంటే రోకలి.

"రా మరదలా," అన్నాను. "పాట నేను పాడతా. నీకు పొద్దు చూసే పనిలేదు."