పట్టుగుడ్డలో చుట్టిన బోర్డు

“నా పట్టుగుడ్డ సూస్తే నామోసీయేటే నీకు?”

బొబ్బిలిలో వీణలు చెక్కే దాలయ్య తన కూతురు ఈశ్వరిని అడిగిన మాట ఇది. జవాబు ఆమెకు తెలుసు.

ఈశ్వరి విజయనగరంలో సర్వర్ బోర్డులు బాగుచేస్తుంది. అప్పుడామె చేతిలో ఉన్నది ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్వర్‌ది. అది నడిస్తే అక్కడి కంప్యూటర్ల పనంతా ఏడాదిపాటు ఆమెదే. తండ్రికి జ్వరమంటే పని బొబ్బిలికే పట్టుకెళ్లింది. మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకుని, బోర్డును అంచులతోనే పట్టుకుని, ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చింది.

మంచంమీంచి దాలయ్య నవ్వాడు. “ఏటే, పలుపు కట్టీసుకున్నావు, పారిపోతావనా?”

“నా ఒంట్లో కరెంటు దీనికి తగలకూడదు నాన్నా. మనకి సురుక్కుమనీది కూడా తెలవదు, దీని సిప్పు మాత్రం సచ్చిపోద్ది.”

“మా వీణకన్నా సుకుమారమన్నమాట!”

స్విచ్ వేసి చూస్తే బోర్డు లేచింది. చేసిన వస్తువు ఉత్తినే గడప దాటకూడదని ఆ ఇంటి ఆనవాయితీ. వీణనైనా పట్టుగుడ్డ చుట్టి ఇస్తారు. ఆమె బట్టలు సర్దుకునేలోగా దాలయ్య ఆమె బోర్డు పెట్టిన వెండిరంగు కవరు తీసి పక్కన పడేసి, బోర్డుకు గుడ్డ చుట్టేశాడు. పట్టు రాసుకుంటే కరెంటు పుడుతుంది. ఆ కవరు ఉన్నదే దాన్ని ఆపడానికి. ఈశ్వరి మొహం చూసి ఆయన అడిగిందే పై మాట.

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆమె రెండు చేతులా అందుకుంది. ఈ ఉక్కపోతలో, ఈ తేమగాలిలో ఏమీ కాదులే అనుకుంది. తండ్రి మాట కాదనకపోవడాన్ని మనవాళ్లు సంస్కారం అంటారు. పిరికితనం అంటే సరిపోతుంది.

ఆసుపత్రి సర్వర్ గదిలో ఏసీ. పొడిగాలి. గుడ్డ సర్రున లాగింది. చప్పుడు లేదు, మెరుపు లేదు. బోర్డు బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉండిపోయింది. ఏడాది పని విశాఖలోని ఇంకో కంపెనీకి పోయింది.

సాయంత్రం ఫోను. “ఏటే, లెగిసిందా?”

“లెగిసింది నాన్నా.”

“మరి! మన గుడ్డ మహిమ!”

ఆ కథ ఆయన ఇప్పటికీ పనస చెక్క తొలుస్తూ పక్కవాళ్లకు చెబుతుంటాడు. “ఆ పొద్దే సెప్పుంటే కాసేపు నొచ్చుకునేవోడు, అంతే,” అంటుంది ఈశ్వరి, నిజం తెలిసి అడిగినవాళ్లతో. “ఇప్పుడేటని సెప్పనండి?” బొబ్బిలి వెళ్లిన ప్రతిసారీ ఆయన గుడ్డ తీసి ఉంచుతాడు. ఆమె తీసుకుంటుంది, బస్టాండులో మడిచి సంచి అడుగున పెడుతుంది.

ఆసుపత్రికి వేరే బోర్డు ఆమే కొనిచ్చింది. దాన్ని అమ్మిన త్రినాథ్‌కు ఇంకా పద్నాలుగు వేలు ఇవ్వాలి.