పడుగెక్కిన ప్రిన్స్

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక సర్వనాశనం గురించి. నలభై గజాల నూలు, దాని మీద ఒక వీధి వీధంతా చేసిన పని, అప్పటికి నాకున్న కాస్త పరువు, ఈ మూడూ ఒకే ఉదయం పోయాయి. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి తలెత్తేలోగా అంతా అయిపోయింది. ఈ కథ చెప్పి చెప్పి అలసిపోయాను. బంధువులు నలుగురు చేరితే చాలు, ఎవరో ఒకరు ‘ఆ కుక్క సంగతి చెప్పండి’ అంటారు. నేను చెప్పకపోతే వాళ్ళే చెబుతారు, కొలతలన్నీ తప్పు చెబుతారు. ఒకసారి రాసిపెడితే ఆ పీడ వదులుతుందన్న ఆశతో కూర్చున్నాను.

తెల్లదొరలు పెట్టెలు సర్దుకుంటున్న రోజులవి. నాకు ఇరవై ఆరేళ్ళు. బెజవాడ కాలువల ఆఫీసులో ఓవర్సీరును. గట్టు ఎత్తెంత, అడుగున వెడల్పెంత, వాలెంత, ఇవి కొలిచి పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. టేపు వేయనిదే దేన్నీ నమ్మకపోవడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బు.

మా అక్కను మంగళగిరిలో ఇచ్చారు. బావకు మూడు గుంట మగ్గాలు. యుద్ధం ముగిసినా నూలు మీద కంట్రోలు ముగియలేదు. కోటా వచ్చినప్పుడు వచ్చినంత. ఆ నూలుతో పోసిన పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాల వరస, పాడైతే, మళ్ళీ కోటా వచ్చేదాకా గుంటలో కాళ్ళు పెట్టుకుని గోడ చూస్తూ కూర్చోవలసిందే. అంత అపురూపమైన పడుగుకు గంజి పట్టిస్తారు కదా, ఆ గంజి రుచి మరిగి ఎలుకలు దారాలను కొరికేస్తున్నాయి.

ఒకరోజు బావ బెజవాడ వచ్చి మా వరండాలో కూలబడ్డాడు.

"ఏమయ్యా ఓవర్సీరూ, ఎలకలకి మీ ఆఫీసులో మందేమన్నా ఉందా?"

"గట్టుకు బొరియ పడితే మట్టి కొట్టి పూడుస్తాం బావా."

"మా ఇంట్లో బొరియలు పూడ్చాలంటే ఇల్లే పూడ్చాలి. పిల్లిని తెచ్చా. అది గంజి తాగి పొయ్యి పక్కన పడుకుంటది. ఇప్పుడు మీ అక్క దానిక్కూడా కలిపి కాస్తంది."

"నాకు వదిలెయ్యి బావా. శాస్త్రీయంగా చేద్దాం."

పాఠకులు గమనించాలి. ఆ వాక్యం దగ్గరే ఎవరైనా నా నోరు మూసి ఉంటే ఈ కథ లేదు.

మా పైఅధికారి అల్మరాలో కుక్కజాతుల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో ఫాక్స్ టెర్రియర్ అనే తెల్లటి పొట్టి కుక్క బొరియల్లో దూరే జంతువులను, ఎలుకలను పట్టడానికే పుట్టిందని రాసి ఉంది. కింద దాని లక్షణాల పట్టిక. భుజం దగ్గర ఎత్తు, వీపు పొడవు, చెవి మడత, తోక లేచే కోణం, ఇలా పధ్నాలుగు అంశాలు. పట్టికను చూడగానే నాకు ఆకలి వేసినవాడికి విస్తరి కనబడినట్టయింది. విచారిస్తే ఊళ్ళో ఈ జాతివి రెండున్నాయి. టేపు జేబులో వేసుకుని బయలుదేరాను.

మొదటిది రైల్వే క్వార్టర్లలో ఉండే ఇంజను డ్రైవరు అంకయ్యగారిది. పేరు రాణి. పేరొక్కటే రాణి. ఒక చెవి చిరిగి ఉంది, ముందరి కాళ్ళు ధాన్యం బస్తా మోస్తున్నవాడి కాళ్ళలా వంగి ఉన్నాయి, ఒంటిమీద తెలుపు ఎక్కడుందో బొగ్గు దులిపితే గాని తెలియదు. నేను వంగి టేపు పెట్టాను.

"ఏంది బాబూ, దానికి చొక్కా కుట్టిస్తావా?" అన్నారు అంకయ్యగారు.

"జాతి లక్షణాలు చూస్తున్నానండీ. పుస్తకం ప్రకారం చెవి ముందుకు మడత పడాలి."

"మడతపడే ముక్కని పందికొక్కు కొరుక్కుపోయింది. ఆ పందికొక్కు మాత్రం ఇప్పుడు లేదులే."

"కాళ్ళు కూడా వంకరండీ."

ఆయన బీడీ ఆర్పి నా వంక జాలిగా చూశారు. "ఇనుకో బాబూ. ఈ జాతిలో రెండు వంశాలుంటయ్. దీని అమ్మ గూడ్సు షెడ్డులో ఎలకలు పట్టింది, అమ్మమ్మా పట్టింది. పట్టనిదాన్ని పిల్లల్ని పెట్టనియ్యలేదు మేం. అవతల దొర బంగళాలో ఒకటుంది చూడు, దాని తాతలు కుక్కల పోటీల్లో బల్లల మీద నిలబడి వెండి కప్పులు తెచ్చారు. నిలబడనిదాన్ని వాళ్ళూ ఉంచుకోలేదు. జాతి ఒకటే, చేసే కొలువులే వేరు."

ఇంతకన్నా స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పదు. నేను మాత్రం ‘మార్కులు రాని పిల్లవాడి తండ్రి ఇలాగే మాట్లాడతాడు’ అనుకుని, పధ్నాలుగింటికి అయిదు వేసి వచ్చేశాను.

కృష్ణ ఒడ్డున బంగళాలో దొర ఓడ టిక్కెట్టు కొనుక్కుని, కుక్కను మంచి ఇంటికి ఊరికే ఇచ్చేయాలని చూస్తున్నాడు. పేరు ప్రిన్స్. అబ్బ, ఏం కుక్కండీ! గీత గీసి కోసినట్టున్న వీపు, నిట్టనిలువు తోక, సరిగ్గా చెప్పినచోట చెప్పినంత మడతపడ్డ చెవులు. పధ్నాలుగుకు పధ్నాలుగు! అయిదు తరాల వంశవృక్షం ముద్రించిన కాగితం కూడా ఇచ్చారు. బట్లరు కళ్ళు తుడుచుకుంటూ అప్పగించాడు.

"పొద్దున్నే బ్రష్షు చూపించండి సార్. బల్లెక్కి నిలబడిపోతాడు. అరగంట కదలడు. మద్రాసులో జడ్జీలందరూ మెచ్చుకున్నారు సార్."

ఎలుకల్ని పడుతుందా అని అడిగావా, అంటారా? అడగలేదు. ఆ అంశం పట్టికలో లేదు.

మంగళగిరిలో ప్రిన్స్‌ను చూడటానికి వీధంతా వచ్చింది. అక్క దిష్టి తీసింది. బావ బోనులో పడ్డ ఎలుకను తెచ్చి మగ్గాల గదిలో వదిలాడు. ప్రిన్స్ ఎలుకను చూసింది, చుట్టూ చేరిన జనాన్ని చూసింది. నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి, మెడ ఎత్తి, తోక నిలిపి, శిలావిగ్రహంలా నిలబడింది. ఎలుక దాని ముందుకాళ్ళ మధ్య నుంచి, ఏ వైపూ తగలకుండా, నడిచి వెళ్ళిపోయింది. పరుగెత్తను కూడా లేదు.

"ఏందయ్యా, దారిచ్చి పంపిస్తంది?" అన్నాడు బావ.

"కొత్త చోటు కదా బావా. అలవాటు పడాలి."

"ఎవరు? ఎలకా?"

మర్నాడు తెల్లవారగానే పడుగుకు గంజి పెట్టారు. ఇది ఒక ఇంటి పని కాదు. వీధి పొడవునా అడ్డకర్రలు నిలబెట్టి, పడుగును వాటి మీద నడుమెత్తులో పరుపులా పరిచి బిగిస్తారు. ఇరుగుపొరుగులు చెరోవైపు నిలబడి, కుంచెలతో గంజి పట్టిస్తూ ఒక చివరనుంచి మరో చివరకు నడుస్తారు. ఆరేలోగా దారం దారానికి అంటుకోకుండా దువ్వాలి. బావ కోటా నూలంతా ఆ పరుపులోనే ఉంది. నేను అరుగు మీద కాఫీ తాగుతూ అడ్డకర్రల మధ్య దూరం సమంగా లేదని మనసులో తప్పులు పడుతున్నాను. ప్రిన్స్ నా పక్కనే ఉంది.

బావ కుంచె ఎత్తాడు.

మూరెడు వెడల్పు కుంచె, ఎదురుగా తెల్లటి బల్లలాంటిది, చుట్టూ జనం. ప్రిన్స్‌కు ఇంక సందేహమేముంటుంది? ఒక్క గెంతులో అరుగు దిగింది, ఇంకో గెంతులో పడుగెక్కింది. ఎక్కి, నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి నిలబడింది. పటపటమని దారాలు తెగాయి. ఒక అడ్డకర్ర ఒరిగింది, దాని మీద ఇంకొకటి, అలా వీధి చివరిదాకా. పడుగంతా కుక్కతో సహా దుమ్ములో కూర్చుంది. ప్రిన్స్ మాత్రం భంగిమ చెడకుండా, దువ్వడం ఎప్పుడు మొదలుపెడతారా అని బావ వంకే చూస్తోంది.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది, ఏడుపే.

"మళ్ళీ కోటా ఎప్పుడో, ఏమో," అంది అక్క. "ఒరేయ్ తమ్ముడూ, ఎలకలు రోజుకి పది దారాలు కొరికేవిరా. అవే నయం."

తెగినవి ఆరువందల పన్నెండు. నేనే లెక్కపెట్టాను, అప్పటికి నాకు చేతనైంది అదొక్కటే. నాలుగు రోజులు సెలవు పెట్టి, అక్క పక్కన కూర్చుని ఒక్కొక్క దారమే అతికాను. మొదటిరోజు నా ముడులు చూసి ఆవిడ విప్పి మళ్ళీ వేసింది. రెండోరోజు విప్పకుండా నిట్టూర్చింది. నాలుగోరోజుకు నా వీపు రాణి కాళ్ళంత వంకర తిరిగింది. చివరికి పడుగు మగ్గమెక్కింది. ఎక్కగానే ఎలుకలు వచ్చాయి.

తలవంచుకుని అంకయ్యగారి దగ్గరికి వెళ్ళాను.

"టేపు తెచ్చావా బాబూ?"

"లేదండీ."

"అయితే తీసుకెళ్ళు."

రాణి ఒక్క ఉదయంలో పదకొండు ఎలుకలను వరసగా గడప ముందు పెట్టింది. మగ్గం నిలిచింది, చీరలు దిగాయి. కానీ వాటి నిండా నేను వేసిన ముడులు. బెజవాడ నుంచి వచ్చిన బట్టల షావుకారు ముందు బావ నిజాయితీగా చీర పరిచి, "ఇదిగో, ఇక్కడ ముళ్ళున్నయ్యండీ, ఇక్కడా ఉన్నయ్. చూసుకోండి," అన్నాడు.

షావుకారు చీర వంక చూడటం లేదు. అరుగు మీద ప్రిన్స్ నిలబడి ఉంది.

"ముళ్ళకేముందిలెండి, సర్దుకుంటాం. ఈ కుక్క ఏం పని చేస్తదండీ?"

"ఇప్పుడు చేస్తన్న పనేనండీ," అన్నాడు బావ.

"కొట్టు ముందు నిలబెడితే బజారంతా ఆగిపోద్ది! ఇచ్చేస్తారా?"

అక్క లోపలినుంచి పరుగున వచ్చి, షావుకారు మనసు మారేలోగా గొలుసు ఆయన చేతిలో పెట్టింది. ముళ్ళ చీరలూ, కుక్కా ఒకే బండిలో వెళ్ళాయి. ఆ కొట్టులో ప్రిన్స్ చాలాకాలం గౌరవంగా కొలువు చేసింది. తన పని తనకు తెలిసినవాడికి లోటేమిటి? నాకే నా పని తెలియలేదు.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రకటిస్తున్నాను: ప్రాణమున్న దేన్నైనా, అది పని చేస్తుండగా నా కళ్ళతో చూడనిదే, ఈ జన్మలో ఎవరికీ సిఫారసు చేయను. ఈ ప్రతిజ్ఞను ఇంతవరకు అక్షరాలా నిలుపుకున్నాను. ఇందులో నా నిగ్రహం పాత్ర స్వల్పమే. ఆనాటి నుంచి మా బంధువర్గంలో ఎవరూ నన్ను సలహా అడగలేదు.