ఒక్కరి కోసం అన్ని దారులూ

మా ఆఫీసు వాళ్లను సాయంత్రం ఇళ్ల దగ్గర దింపే క్యాబులకు దారులు నిర్ణయించే ప్రోగ్రాం నేనే రాశాను. కొత్తగూడలో దిగవలసిన ఒక్కరు ఇవాళ క్యాబ్ వద్దంటే చాలు, నిజాంపేట దాకా ఉన్న అన్ని దారులనూ అది మొదటినుంచి లెక్కగట్టేది. అంతసేపూ బండ్లన్నీ గేటు దగ్గరే. దాన్ని నేను లోపం అనుకోలేదు, మర్యాద అనుకున్నాను. ఊరి దొర అయిన మా తాతగారి కోటలాంటి గడిలో పంక్తికి ఒక్క అతిథి ఆలస్యంగా వచ్చినా వంట మళ్లీ మొదలయ్యేదట. ఆ గడి గోడలు ఎప్పుడో పడిపోయాయన్న సంగతి నా వెన్నెముకకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఒక వాన సాయంత్రం ఒకరి తర్వాత ఒకరు క్యాబ్ వద్దన్నారు. ప్రోగ్రాం ప్రతిసారీ మొదటికొచ్చింది. బండి ఒక్కటీ కదల్లేదు. శుక్రవారంలోగా బాగుచేయకపోతే ఆ పని వేరే టీముకు ఇచ్చేస్తానన్నారు మేనేజరు. నాకు మిగిలిన సంస్థానం అదొక్కటే.

నా టీములోని సిద్దిపేట అమ్మాయి కొత్త ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాద్దామంది. ఏ జవాబు ఏ వివరం మీద ఆధారపడిందో ఆ భాషే గుర్తుపెట్టుకుంటుందట. ఒకటి మారితే దానికి తగిలిన లెక్కే మళ్లీ చేసి, మిగతా జవాబులు పాతవే వాడుకుంటుందట. పాతది వడ్డించడం మా ఇంట్లో లేదన్నాను.

"ఏమనుకోకుండ్రి సార్, మీరు గూడ గంతే," అంది. "ఇల్లెక్కడ అని అడిగితే మీ ముత్తాత గుర్రం కాడికెల్లి మొదలువెడ్తరు. ఇల్లెక్కడనో ఇప్పటిదాంక ఎవ్వలకు తెల్వది."

పక్క సీట్లవాళ్లు కీబోర్డుల మీదికి వంగిపోయారు. అంత శ్రద్ధగా పనిచేయడం నేనెన్నడూ చూడలేదు.

నిటారుగా లేచి వెళ్లి, క్యాంటీన్‌లో టీ తాగి వచ్చి, ఆ భాష నేర్పమన్నాను. ఆ ఒక్క వాక్యంలో తాతగారు రాకుండా చూసుకోవడానికే టీ చల్లారింది.

శుక్రవారం, మేం తిరగరాసిన ప్రోగ్రాంలో ఎవరో ఒకరు దిగే చోటు మార్చి చూపమన్నారు మేనేజరు.

"సార్‌ది మారుద్దాం," అంది ఆ అమ్మాయి. "రోజూ హైవే మీదనే దిగుతరు. ఇల్లు యాడ సార్?"

ముత్తాత గుర్రం గొంతుదాకా వచ్చింది. వెనక్కి తోలాను.

"చందానగర్ మార్కెట్ వెనక. కిరాయి ఇల్లు. మూడో అంతస్తు."

తెరమీద నా బండి దారి ఒక్కటే మారింది. మిగతావి కదల్లేదు. పని మా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ఇంటి ముందే దిగుతున్నాను. లిఫ్టు ఉందా సార్ అని క్యాబులో అడుగుతారు. లేదంటాను. మెట్లు మాత్రం గడి మెట్లంత వెడల్పని చెబుతాను.