నవ్వుతూ ఇచ్చిన తేనె

గన్నిల్డా అవ్వ దగ్గర లేని మందు లేదు. ఆ మందులో పడే సరుకు మాత్రం ఎక్కడా దొరకదు. తలనొప్పి అని వెళితే, చర్చి గంట మోగుతుండగా పుట్టిన పంది మీసం తెమ్మంటుంది. పంటినొప్పికి పాదిరిగారి తోటలోని నత్త జిగురు కావాలి, అదీ పాదిరిగారు చూడకుండా.

రొట్టెలు కాల్చే హామో కడుపునొప్పికి గుడ్లగూబ ఈక కోసం చెట్టెక్కి, కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"కడుపునొప్పి ఎలా ఉందిరా?" అంది అవ్వ.

"అయ్యో నా కాలు! కడుపు సంగతి ఎవడికి గుర్తుంది?"

"చూశావా, నయమైపోయింది."

మా వదిన పోయాక మా అన్న ఓస్బర్న్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. ఈ చలికాలం అన్నను కూడా పాతిపెట్టాల్సి వస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. పరుగున వెళ్లి అవ్వను పిలుచుకొచ్చాను.

అవ్వ అన్న నాలుక చూసింది, చెవి వాసన చూసింది. "ఎవరైనా నవ్వుతూ ఇచ్చిన తేనె కావాలి. ఏడుపు మొహంతో ఇస్తే విషమే. రోగే వెళ్లి తెచ్చుకోవాలి" అంది.

నేను తెలివిగా, తేనెటీగలు పెంచే అమబెల్ దగ్గర చెంచాడు తేనె తెచ్చి, అన్నే తెచ్చాడని చెప్పాను.

"ఇది నీ చేతి వాసన. పైగా ఆవిడ నవ్వలేదు."

"మేరీమాత మీద ఒట్టు, నవ్విందవ్వా!"

"పళ్లు బయటపెట్టింది, అంతే." తేనె మాత్రం తనే నాకేసింది. తర్వాత మంచం వైపు తిరిగింది. "ఒరే ఓస్బర్నూ, పడుకుంటే పడుకో. కానీ గొయ్యి తవ్వే ఓపిక నీ తమ్ముడికి లేదు. వాడి వాలకం చూడు!"

అన్న నన్ను చూశాడు. విసుక్కుంటూ లేచాడు. నేను వెనకే వెళ్లి అమబెల్ ఇంటి కంచె పక్కన నక్కాను.

అమబెల్ మొగుడు కూడా పోయాడు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో లేరు.

"కాస్త నవ్వి, తేనె ఇస్తావా? అవ్వ చెప్పింది" అన్నాడు అన్న.

"నాకు నవ్వు రాదు" అంది ఆవిడ, గిన్నెలోకి తేనె వంపుతూ.

"నాకూ రాదు. మరేం చేద్దాం?"

ఇద్దరూ దిగాలుగా నిలబడ్డారు. అంతలో ఒక తేనెటీగ వచ్చి అన్న ముక్కుమీద వాలింది. అన్న కదలకుండా, రెండు కళ్లూ ముక్కుమీదికి తెచ్చి, పెదవులు కదపకుండా అడిగాడు: "వెళ్లిందా?"

"లేదు, సర్దుకు కూర్చుంది" అంటూనే అమబెల్ పక్కున నవ్వింది. చేతిలోని గిన్నెలో తేనె తొణికిపోతున్నా ఆపుకోలేకపోయింది. ఆవిణ్ణి చూసి అన్న కూడా నవ్వాడు. కంచె వెనక నాకు సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి.

అవ్వ ఆ తేనెను బార్లీ గంజిలో కలిపింది. అన్న గిన్నె ఖాళీ చేస్తుంటే నేను గుసగుసగా అడిగాను: "అవ్వా, తేనె ఎవరు తెచ్చినా ఒకటే కదూ?"

అవ్వ నా కాలు గట్టిగా తొక్కింది. "నోర్మూయ్. మందు పనిచేస్తోంది."

"ఇంకో గిన్నె ఉందా అవ్వా?" అన్నాడు అన్న.

"ఉంది. కానీ తేనె అయిపోయిందిరా."

అన్న అప్పటికే గడ్డం దువ్వుకుంటున్నాడు.