గోలీల డాక్టరు దవాఖానలో పిన్ని హోటల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. డిగ్రీ పాసై, ఉద్యోగం రాక ఖాళీగా తిరిగేవాడికి లోకజ్ఞానం మహా జోరుగా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మా పిన్ని దిల్‌సుఖ్‌నగర్ సందులో మూతపడ్డ పాత దవాఖానను కిరాయికి తీసుకుని, దాన్ని భోజన హోటల్‌గా మార్చే పని నాకప్పగించింది (ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే). భీమవరం నుంచి వచ్చిన నాటి నుంచీ సొంత హోటల్ ఆవిడ కల. "మొదటిరోజు వండింది మిగిలిందంటే ఇక హోటల్ మాటెత్తకు" అని బాబాయి ముందే తేల్చేశాడు.

మందుల వాసన పోయేదాకా గోడలు కడిగించి, సున్నం వేయించి, రోగుల మంచాలుండే గదిలో భోజనాల బల్లలు వేయించాను. ప్రారంభం రోజు వాకిట్లో తెల్ల షామియానా, తెల్ల కుర్చీలు (రంగులు మోటుగా ఉంటాయని నా అభిరుచి). అటక మీద, ఈ దవాఖాన మూసేసి నాగోల్‌లో కూతురింటికి వెళ్లిపోయిన గోలీల డాక్టరు (ఏ జబ్బుకైనా గోలీలే, అంటే మాత్రలే, ఇచ్చేవాడు) ఫోటో దొరికింది. ఆయన దగ్గర మందు తీసుకున్న వాళ్లకు ఇది మన చోటే అనిపించాలని గుమ్మం పక్కనే పెట్టాను. బోసిగా ఉందని, మిగిలిన చామంతి దండ కూడా వేసి, అగరొత్తులు వెలిగించాను.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా కూర్చున్నారు. ఈ ఊళ్లో ఇంత మర్యాదస్తులున్నారా అని మురిసిపోయాను. "భోజనానికి లేవండి" అంటే మాత్రం నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. లోపల గుత్తివంకాయ చల్లారిపోతోంది, పిన్ని ముఖం వాడిపోతోంది. ఇంతలో ఎదురింటి అవ్వ ఫోటో ముందు కూలబడి, "గోలీల సారూ! నా మోకాళ్ల నొప్పులు ఇగ ఎవలకు జెప్పుకోవాలె!" అని శోకం అందుకుంది.

పిన్ని గరిటెతో సహా బయటికి పరిగెత్తుకొచ్చింది. "చదవేస్తే ఉన్న మతి పోయిందని నిన్ను చూసే అనుంటార్రా! బతికున్న మనిషికి దండేస్తావా?" అంటూ ఉండగానే, ఆవిడ పిలిచిన మొదటి అతిథి, సాక్షాత్తూ గోలీల డాక్టరు, ఆటో దిగాడు. అవ్వ ఏడుపు ఆపి, ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూసింది. నేను గబగబా దండ తీయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్ బిడ్డా. నాకోసం గింతమంది ఏడుస్తరని నాకెట్ల తెలుస్తుండె?" అన్నాడు కళ్లద్దాలు తుడుచుకుంటూ. తర్వాత జనం వైపు తిరిగి, "నేను సావలే గానీ ఆకలితోని సచ్చేటట్టున్న. లెవ్వుండ్రి, అందరం తిందాం" అన్నాడు. ఆయన మాట కాదనడం ఎరుగని జనం కదా, ఒక్కసారిగా లేచారు. అవ్వ మూడోసారి వడ్డించుకునేసరికి గుత్తివంకాయ గిన్నె ఖాళీ. పిన్ని ఏడుస్తూనే నవ్వుతూ మళ్లీ పొయ్యి వెలిగించింది. బాబాయి తానే కత్తిపీట అందుకుని ఉల్లిపాయలు తరిగాడు.

ఇప్పుడు నేను గోడకు మేకు కొట్టాలన్నా నలుగురిని అడుగుతాను, అందుకే తప్పులు తక్కువ. కానీ నేను బుద్ధిగా చేసిన ఏ పనికీ మళ్లీ అంతమంది భోజనానికి కూర్చోలేదు.