బెండకాయ జిగురు పొర

దివిసీమ ఉప్పెన తర్వాతి వేసవిలో గుడివాడలో బీయస్సీ ముగించి బందరు వచ్చేశాను. నాన్నది హల్వా కొట్టు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక తెర. ఆడవాళ్లం ఇవతల కూర్చుని జీడిపప్పు ఏరాలి, అవతల కాలు పెట్టకూడదు. ఆ తెరంటే నాకు ఒళ్లు మంట.

హల్వా పాత పేపర్లో కట్టేవారు. నెయ్యి కారి పేపరు అంటుకుపోయేది. దివిసీమ నుంచి చేపలమ్మడానికి వచ్చే ఒకావిడ ఓరోజు కొట్లో అరిచింది: “ఏం బాబాయ్, హల్వాతో పాటు వార్తలు కూడా తినాలా?”

పేపరుకు బదులు హల్వాతో పాటే తినేసే పొర నేను చేస్తానన్నాను నాన్నతో.

“చేతకాకపోతే నోరు మూసుకుని ఇంట్లో పడుంటావా?” అన్నాడు నాన్న.

“చేతనైతే కొట్లో కూర్చుంటాను.”

ఎలాగూ చేతకాదని నవ్వి, సరేనన్నాడు.

ముదురు బెండకాయలు తరిగి నానబెట్టి జిగురు వడగట్టాను. మిఠాయి ఇంటి బుద్ధి ఎక్కడికి పోతుంది! పళ్లేనికి నెయ్యి రాసి మరీ పోశాను. జిగురు పరుచుకోకుండా బొట్లు బొట్లుగా విడిపోయింది, ఎండాక అన్నీ చిల్లులే. నెయ్యి మానేస్తే పల్చటి పొర వచ్చింది కానీ, ముట్టుకుంటే పెటపెటా విరిగింది. అది మెత్తబడాలని మందుల షాపు నుంచి గ్లిజరిన్ తెచ్చాను.

“ముఖానికి రాసుకునేది తిండిలో పోస్తావా? మతి పోయిందా నీకు?” నాన్న గిన్నె లాక్కోబోయాడు.

“దగ్గు మందులో పోస్తే తాగారుగా! వదలండి నాన్నా.”

మొదట ఎక్కువైంది. బందరు గాలికి చెమ్మ పట్టి వేళ్లకు అంటుకుంది. తగ్గించాను. ఈసారి చిరగకుండా లేచింది, మడిస్తే మడత పడింది. నాన్న ఎదుటే నమిలి మింగాను.

ఆ చేపలావిడ మళ్లీ వచ్చినప్పుడు నాన్న హల్వా అందులోనే చుట్టి ఇచ్చాడు. చేతికి నెయ్యి అంటలేదు. పొరతో సహా తినేసింది.

“భలే ఉందే! ఎవరు చేశారు బాబాయ్?”

“మా వంటవాడమ్మా,” అన్నాడు నాన్న, ఏమాత్రం తడుముకోకుండా.

తెర పట్టుకుని లాగితే తాడుతో సహా ఊడి వచ్చింది. “వంటవాడు కాదు, నేను!” అంటూ వెళ్లి గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చున్నాను.

“లోపలికి పో,” అన్నాడు నాన్న.

“పోను. మాటంటే మాటే.”

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నావైపు తిరిగింది. “ఇంకో అరకిలో చుట్టివ్వు అమ్మాయీ.”

చుట్టి ఇచ్చాను. ఆ తెర మాత్రం మళ్లీ ఎవరినీ కట్టనివ్వలేదు.