నేను సీలు తీసిన గంగచెంబు

నా చిన్నప్పుడు నాకు అనుమానం పుట్టని విషయమంటూ లేదు. అప్పుడు మేం జర్మనీలో, డెగ్గెన్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నేను నాలుగో తరగతి. కరోనా వచ్చి బడి మూసేశారు. అమ్మానాన్న చెరో గదిలో లాప్‌టాప్‌ల ముందు కూర్చునేవారు. మమ్మల్ని చూసి వెళ్దామని వచ్చిన మా తాతయ్య విమానాలు ఆగిపోయి మా ఇంట్లోనే చిక్కుకుపోయాడు. ఆయన కథలు వినడానికి ఇంట్లో నేనొక్కదాన్నే ఖాళీ.

తాతయ్య బదరీ యాత్ర చేసి, ఊరికి వెళ్లకుండా అటునుంచి అటే మా దగ్గరికి వచ్చాడు. దారిలో అలకనంద ఒడ్డున ఒక అమ్మవారు ఉందట. పొద్దున చిన్నపిల్లలా, మధ్యాహ్నం నడివయసు ఆడమనిషిలా, సాయంత్రానికి ముసలమ్మలా కనిపిస్తుందట. మూడు పూటలా అక్కడే ఉండి చూశావా అని అడిగాను. లేదు, బస్సు అరగంటే ఆగింది, ఊరివాళ్లు చెప్పారు అన్నాడు. మరి ఎలా నమ్మావన్నాను. ఆయన నవ్వేశాడు. నాకు ఒళ్లు మండింది.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం గంగచెంబు మీద. దేవప్రయాగలో, అలకనందా భాగీరథీ కలిసే చోట నీళ్లు నింపి, మూతికి లక్కతో సీలు వేయించిన బుల్లి రాగిచెంబు అది. మన ఊరు వెళ్లాక గంగపూజ చేసి, బంధువులను పిలిచి భోజనం పెట్టి, అప్పుడే తెరవాలట. అందాకా మా వంటింటి అలమరలో దేవుడి పటాల పక్కన పెట్టాడు. ఎన్నేళ్లున్నా ఆ నీళ్లు పాడవవని అనేవాడు. సీలు వేశాక లోపల ఏముందో ఎవరికి తెలుసు, కొట్టువాడు చెంబు మార్చి ఉండొచ్చు కదా అని నా వాదన.

ఒకరోజు అందరూ పనుల్లో ఉండగా చెంచా కాడతో ఆ లక్క ఊడదీశాను. నీళ్లన్నీ గ్లాసులోకి వంచి వాసన చూశాను. వాసనా లేదు, రంగూ లేదు. తేలిందేమీ లేదు. అంతలో అమ్మ అడుగుల చప్పుడు వినబడి కంగారులో గ్లాసు సింకులో గుమ్మరించేశాను. తర్వాత చెంబులో కుళాయి నీళ్లు పట్టి, క్రిస్మస్‌కు మిగిలిన ఎర్ర కొవ్వొత్తి మైనం మెత్తగా చేసి మూతికి అద్దాను. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. ఇక ఆ రోజునుంచి నా అనుమానం తాతయ్య మీదికి మళ్లింది. ఆయన పూజప్పుడు చెంబు ఎత్తి తుడిచి మళ్లీ పెట్టేవాడు. ఒక్కోసారి చెవి దగ్గరికి తెచ్చుకున్నట్టు అనిపించేది. ఏమీ అనేవాడు కాదు. తెలిసి ఊరుకున్నాడో, తెలియకే ఊరుకున్నాడో అర్థమయ్యేది కాదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చింది. నేను చెంబు తెరిచిన నెలకి, వాళ్ల నాన్న అక్కడ కరోనాతో పోయారు. వెళ్లడానికి దారి లేదు. వీడియోలో కూడా ముఖం సరిగ్గా చూపించలేకపోయారట. పదోరోజు పొద్దున మాస్కు పెట్టుకుని వచ్చి మా గుమ్మానికి దూరంగా మెట్ల మీదే నిలబడింది.

"తాతయ్యా, మా బాపుకు నీళ్లు వదలాలె. మీ దగ్గర గంగనీళ్లు ఉన్నయంట గదా. కొన్ని ఇస్తరా?"

తాతయ్య మారు మాట్లాడకుండా చెంబు తెచ్చాడు. గంగపూజా, బంధువుల భోజనాలూ ఏవీ తలుచుకోలేదు. నేను మాత్రం ఆ చెంబు మూతికేసే చూస్తూ చెప్పులు వేసుకున్నాను.

ముగ్గురం ఎడం ఎడంగా నడిచి డాన్యూబ్ నది ఒడ్డుకు వెళ్లాం. చెప్పేద్దామని దారిలో పదిసార్లు అనుకున్నాను, నోరు రాలేదు. అక్క చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి, చెంబు కోసం చేయి చాచింది. ఇక ఉండలేకపోయాను. అది గంగ కాదని, నేనే పారబోసి కుళాయి నీళ్లు పట్టానని ఏడుస్తూ చెప్పేశాను.

అక్క నావంక చూసింది. తిట్టినా బాగుండేది. "ఇదొక్కటన్న చేస్తననుకున్న," అంది, అంతే.

తాతయ్య కోప్పడలేదు. "నాకు తెలుసమ్మా. నిండుగా పట్టిన చెంబు చప్పుడు చెయ్యదు. నెల పైనుంచీ అది కదిపినప్పుడల్లా గుడగుడలాడుతోంది. నువ్వే చెబుతావని చూస్తున్నా," అన్నాడు.

తర్వాత కోటు జేబులోంచి ఒక చిన్న మందుసీసా తీసి అక్కకిచ్చాడు. సంగమం దగ్గర విడిగా పట్టుకున్నానని, దీన్ని మాత్రం ఎవరూ తెరవలేదని చెప్పాడు. ఆమె మూత తిప్పుతుంటే ఆ అలకనంద అమ్మవారి గురించే ఇంకో సంగతి చెప్పాడు. ఎప్పుడో వరదలో విగ్రహం కొట్టుకొచ్చి ఒక బండకు తగిలి గట్టిగా ఏడ్చిందట. ఊరివాళ్లు పరుగెత్తుకొచ్చి, ఏ ఊరి దేవతవని ఆరా తీయకుండా, ఆగిన చోటే నిలబెట్టి మొక్కారట.

అక్క సీసాను పైకెత్తింది. వెలుతురులో నాకు కనబడింది. గాజు లోపల, నీటి అంచు వెంట, సన్నటి తెల్లటి గీత. మా డెగ్గెన్‌డార్ఫ్ కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. మా కెటిల్ అడుగునా, స్నానాలగది గాజు తలుపు మీదా నేను రోజూ చూసే తెలుపు అది. తల తిప్పితే తాతయ్య నన్నే చూస్తున్నాడు. ఊరుకోమని సైగ చెయ్యలేదు. నా ఇష్టానికి వదిలేశాడు.

"బాపూ, గంగ తెచ్చిన," అని అక్క సీసా వంచింది. ఆ పది రోజుల్లో మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది. నేను కిమ్మనలేదు.

అది జరిగి యాభై ఏళ్లయింది, ఇప్పుడు నా జుట్టు నెరిసింది. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. మందుల చీటీ దగ్గరనుంచి మనవడి సాకుల దాకా అన్నీ రెండుసార్లు చూసే మనిషిని. కానీ ఏదైనా నిజం నోటిదాకా వచ్చినప్పుడు, ఇది ఎవరికోసం చెబుతున్నాను అని ఒక్క క్షణం ఆగుతాను. ఆ పొద్దున మొదటి నిజం నా తప్పు కాబట్టి చెప్పక తప్పలేదు. రెండోది కూడా చెప్పి ఉంటే నేను తెలివిగలదాన్ననిపించుకునేదాన్ని, అక్కకు తండ్రి కోసం చేసిన ఆ ఒక్కటీ మిగిలేది కాదు. తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆ సీసాలో ఏముందని నేను అడగలేదు. అనుమానం వచ్చి కూడా నేను అడగకుండా ఉన్నది ఇన్నేళ్లలో ఆ ఒక్క ప్రశ్నే.